రాయదుర్గంలో పెట్రోలు పడిందన్నారు

రాయదుర్గంలో మెట్రో దిగి, మెడలో కార్డులు వేలాడేసుకుని, అద్దాల మేడల్లోకి హడావుడిగా నడిచిపోయే పిల్లలూ, ఈ సంగతి చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. నేనూ నవ్వుకుంటూనే రాస్తున్నాను. తొంభైల చివర్లో, మీరు నడిచే ఆ దారి పక్కనే, ఒక పునాది గోతిలో పెట్రోలు పడిందని ఊరు ఊరంతా నమ్మింది. స్థలం ఆసామి నమ్మాడు, ఆయన తల్లి నమ్మింది, పంతులుగారు నమ్మారు, పాల క్యాన్లు కట్టుకుని పోతున్నవాళ్లు సైకిళ్లు ఆపి మరీ నమ్మారు. అంతెందుకు, రాళ్ల చదువు చదివి పట్టా పుచ్చుకున్న నాక్కూడా, ఒక్క అరనిమిషం, ఇది నిజమైతే ఎంత బాగుండు అనిపించింది.

అప్పట్లో నేను అమీర్‌పేటలో ఒక మేడ మీద రెండు గదుల్లో నడిచే మట్టి పరీక్షల కంపెనీలో ఉద్యోగిని. ఎవరైనా భవనం కడతామంటే అక్కడ బోరు వేసి, గట్టి రాయి ఎంత లోతులో తగులుతుందో చెప్పడం మా పని. మాదాపూర్‌లో గుండ్రటి మేడ లేచిన దగ్గర్నుంచి ఆ చుట్టుపక్కల బండలూ సీతాఫలం పొదలూ ఉన్న ప్రతివారూ కంప్యూటరు కంపెనీలకు కిరాయికి ఇద్దామని గోతులు తవ్వించడం మొదలుపెట్టారు. మాకు చేతినిండా పని. కంపెనీ మా పెద్దాయనది. భూగర్భ జలాల శాఖలో రిటైరై, ఊరుకోలేక పెట్టుకున్నారు. గోదావరి జిల్లా మనిషి. కుక్కను తరమాలన్నా ‘వెళ్లండి’ అనేవారు.

ఒకరోజు పొద్దున్నే రాయదుర్గం నుంచి ఫోను. అంతకుముందు మేం బోర్లు వేసి ఇచ్చిన స్థలమే. ఆసామి అక్కడివాడే. తాతల నాటి చేలో ఎక్కువ భాగం అమ్మేసి, మిగిలిన ముక్కలో అయిదంతస్తులు కట్టిస్తున్నాడు. ఫోన్లో ఆయన అరుస్తున్నాడు.

“మేడం, మీరు జర జల్ది రండి. పడ్డది!”

“ఏం పడింది? ఎవరైనా గోతిలో పడ్డారా?”

“మనిషి గాదు మేడం, పెట్రోల్! పెట్రోల్ పడ్డది!”

మేం జీపులో వెళ్లేసరికి అక్కడ జాతరలా ఉంది. గోతి అడుగున ఊరిన నీటి మీద ఇంద్రధనుస్సు రంగులు తిరుగుతున్నాయి. వాసన రోడ్డు మీదికే కొడుతోంది. జనం సీసాలూ చెంబులూ పట్టుకుని అంచుల్లో నిలబడ్డారు. సైటు సూపర్‌వైజరు, బక్కపల్చటి కుర్రమనిషి, ముప్ఫై దాటి ఉంటాయి, నీటి మీద తేలిన తెట్టును గుడ్డతో అద్ది, సీసాలోకి పిండి, వడగట్టి తన స్కూటర్లో పోశాడు. కిక్కు కొట్టాడు. దగ్గింది. మళ్లీ కొట్టాడు. తెల్లటి పొగ కక్కుతూ స్కూటరు కదిలింది! జనం ఈలలు, కేకలు. అతను గోతి చుట్టూ ఒక చుట్టు తిరిగి, జెండా ఊపినట్టు ఆ గుడ్డ ఊపాడు.

ఆసామి తెల్ల బట్టల్లో మెరిసిపోతూ వచ్చి మా పెద్దాయన చేతులు పట్టుకున్నాడు. “సార్, మా తాత చెప్తుండె, ఈ భూమిల లక్ష్మి ఉన్నదని. మేం బంగారమేమో అనుకున్నం.”

“అయ్యా, ఇక్కడ కిందంతా గ్రానైటు రాయండి. రాతిలోంచి పెట్రోలు రాదండి,” అన్నారు పెద్దాయన.

“మరి వచ్చింది గద!”

వచ్చింది గదా మరి.

సరిగ్గా అప్పుడే నా కంటి చివర ఏదో వెలిగింది. పంతులుగారు కొబ్బరికాయ కొట్టేశారు. వెండి పళ్లెంలో కర్పూరం వెలిగించుకుని, లక్ష్మీదేవికి హారతి ఇద్దామని, లారీలు దిగే మట్టిబాట వెంట గోతిలోకి దిగుతున్నారు. వెనక ఆసామి తల్లి, ఆ వెనక మనవళ్లు.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. అది గోతి అడుగున కనపడకుండా నీళ్లలా నిండి ఉంటుంది. ఆ మాట అప్పుడు వివరంగా చెప్పే వ్యవధి ఎక్కడిది? నేను పరిగెత్తాను. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, చెప్పు ఒకటి ఎక్కడో వదిలేసి, అరుస్తూ, ఆ ఏటవాలు మట్టిలో సగం పరుగు, సగం జారుడు. పంతులుగారికి ఎదురుగా వెళ్లి నిలబడి, నోటినిండా గాలి తీసుకుని, ఉఫ్‌మని హారతి ఊదేశాను.

కర్పూరం ఆరి పొగ లేచింది.

“ఏమిటమ్మా ఈ అపచారం!” అన్నారు పంతులుగారు.

ఆసామి తల్లి నన్ను పైనుంచి కిందికి చూసింది. “హారతి ఊదినవా బిడ్డా? పుట్టినరోజు కేకు అనుకున్నవా?”

అందర్నీ పైకి తోలి, గోతికి దూరంగా, గాలి వచ్చే వైపున, ఒక ఇనుప తట్టలో ఆ గోతి మట్టి కాస్త పోయించాను. పొడవాటి వెదురు కొసకు గుడ్డపేలిక కట్టి, అంటించి, చెయ్యి చాపి తట్ట దగ్గరికి తీసుకెళ్లాను. ఇంకా ఆనలేదు. భగ్గుమని మనిషెత్తు మంట లేచింది. నా ముంగురులు కమిలి చుట్ట చుట్టుకున్నాయి. పంతులుగారు పళ్లెం గుండెలకు హత్తుకుని ఆ తట్ట వంకా గోతి వంకా మార్చి మార్చి చూశారు. తరవాత నా దగ్గరికొచ్చి, ఆ కొబ్బరి చిప్పలు రెండూ నా చేతిలో పెట్టారు.

జనం చప్పట్లు కొట్టారు. నేను ప్రమాదం చూపించాననుకున్నాను. వాళ్లకు అర్థమైంది వేరు.

“చూసిన్రా! అసలు పెట్రోలే!” అని ఆసామి ఎగిరి గంతేశాడు.

తిరుగు ప్రయాణంలో పెద్దాయన, “పెట్రోలు రాతిలోంచి రాదండి. చిల్లులోంచి వస్తుంది. పైన ఎక్కడో బంకు ఉండే ఉంటుంది, చూడండి,” అన్నారు.

ఉంది. గోతి నుంచి గచ్చిబౌలి వైపు రోడ్డు కాస్త ఎత్తెక్కుతుంది. ఆ ఎత్తులో ఒక పెట్రోలు బంకు. యజమాని కడప జిల్లా ఆయన. గుబురు మీసాలు, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా. మేం వెళ్లేసరికి ట్యాంకు మూత దగ్గర నిలబడి పొడవాటి ఇత్తడి కడ్డీ లోపలికి దించుతున్నాడు. అడుగున టక్కుమని తగిలింది. పైకి లాగి, తడి ఎక్కడిదాకా ఉందో గీతల్లో చూసుకుని, పళ్లు కొరికాడు. బంకుల్లో దాన్ని డిప్ రాడ్డు అంటారు. ట్యాంకులో ఎంత పెట్రోలు ఉందో కొలిచేది దానితోనే.

మేం సంగతి చెప్పాం. ఆయనకు కోపం వచ్చింది.

“నా ట్యాంకు కారుతాండాదా? అమ్మా, అది ఉక్కు. భూమి లోపల ఉండే నా ట్యాంకుకు ఏ రోగమూ ల్యా. రోగం పైన ఉండేది.”

“అంటే?”

“పెట్రోలు తగ్గేది నిజమే. దినామూ తగ్గుతాండాది. ఎందుకు తగ్గుతాండాదో నాకు తెలుసు. నా బావమరిది. నా పెండ్లాం తమ్ముడు. బంకు వానికి అప్పజెప్పితే నిలువునా ముంచినాడు. తరిమేసినా. అదో, దిగువన ఆ గోతికాడ సూపర్‌వైజరని తిరుగుతాండాడే, వాడే!”

స్కూటరు మీద గుడ్డ ఊపుతూ తిరిగిన బక్కమనిషి!

“ఆయన్ని తరిమేశాక పెట్రోలు తగ్గడం ఆగిందాండి?” అని మా పెద్దాయన ఎంతో మర్యాదగా అడిగారు.

యజమాని రాడ్డు గుడ్డతో తుడిచాడు. “ఆగల్యా,” అన్నాడు చిన్నగా. వెంటనే గొంతు పెంచి, “అందుకే నేనే ఈడ కాపలా ఉండా. పొద్దన, మధ్యాహ్నం, సాయంత్రం, నా చేత్తో నేనే రాడ్డు ఏసి చూస్తాండా. వాడు ఎట్లొచ్చి తీసకపోతాండాడో నాకు అంతు చిక్కల్యా.”

కిందికొచ్చి బావమరిదిని అడిగాం. అతను నవ్వాడు. అతనికి ప్రతిదానికీ నవ్వే.

“అవును మేడం, నేను దొంగనంట. ట్యాంకు లోపలికి గొట్టం ఏసి తాగుతాననుకుంటాండాడేమో మా బావ.” తరవాత చెయ్యి దులుపుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు. “మా అక్క ఆయనతో మాట్లాడ్డం మానేసిందంట. అన్నం పెడతాదంట, మాట మాత్రం పెట్టదంట. అదొక్కటే బాధ.”

ఆ రెండు చోట్ల మధ్య ఇంకొకటి ఉంది. దాన్ని చూశాకే నాకు నవ్వు ఆగిపోయింది. బంకుకూ గోతికీ నడుమ, పాలమూరు నుంచి పనికి వచ్చినవాళ్ల గుడిసెలూ, వాళ్లు తాగే బావీ. బావి దగ్గర ఒకావిడ చంకలో బిడ్డతో, చేతిలో స్టీలు గ్లాసుతో నా కోసం నిలబడి ఉంది.

“మేడం, ఈ చాయ్ వాసన చూడు.”

చూశాను. టీలో పెట్రోలు వాసన, సన్నగా, కానీ స్పష్టంగా.

“ఎన్నాళ్ల నుంచి?”

“ఎండలు కొట్టినప్పటిసంది. పోరగాండ్లకు కడుపునొప్పులు. నీళ్లు మోసే డబ్బా కంపు అనుకున్నం.”

ఆ రోజే బావి మీద రేకులు కప్పించి, ముళ్లకంప వేయించాం. ట్యాంకరు నీళ్లు తెప్పించమని ఆసామిని అడిగితే, పెట్రోలు బావి దొరికిన సంతోషంలో ఉన్నాడు గనక వెంటనే ఒప్పుకున్నాడు. గోతి దగ్గర మనుషుల్ని కాపలా పెట్టి, నిప్పు రానివ్వకుండా చూశాడు. పని మాత్రం ఆగింది. ఇక మేం తేల్చాల్సింది ఒకటే: గోతి నుంచి బంకు దాకా పెట్రోలు నడిచిన దారి.

గోతి దగ్గర మొదలుపెట్టి, ఎత్తు వైపు, చేతితో తిప్పే బర్మాలతో చిన్న చిన్న బోర్లు వేసుకుంటూ వెళ్లాం. ప్రతి బోరులోంచీ మట్టి తీసి పచ్చడి సీసాల్లో వేసి మూత బిగించేవాళ్లం. కాసేపు ఎండలో ఉంచి, మూత తీసి వాసన చూసేవాళ్లం. మాకు నాలుగు రకాలుండేవి: ‘లేదు’, ‘కొంచెం’, ‘బాగా’, ‘బాబోయ్’. ‘బాబోయ్’ సీసాల్ని ల్యాబుకు పంపేవాళ్లం. ఇప్పుడు దానికి యంత్రాలున్నాయి, మాస్కులున్నాయి. మీరు మాలా చేయకండి. మేం చేసి ఏమయ్యామో చెబుతాను. ఒక సాయంత్రం సీసాలన్నీ అయిపోయాక జీపెక్కాం. జూబ్లీహిల్స్ దాటేసరికి మా పెద్దాయన, నా ఎరుకలో ఎన్నడూ పళ్లు కనపడేలా నవ్వని మనిషి, ఎదురుగా వెళ్తున్న గేదెను చూసి ‘నమస్కారమండి’ అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. డ్రైవరుకూ ఆగలేదు. జీపు పక్కన ఆపుకుని, ముగ్గురం కడుపులు పట్టుకుని, ఎందుకో తెలియకుండానే నవ్వాం. మర్నాడు ముగ్గురికీ తల పగిలిపోయే నొప్పి. అప్పటినుంచి ముక్కు సీసాలో పెట్టి కాక, సీసా మీద చెయ్యాడించి దూరం నుంచి వాసన చూడటం నేర్చుకున్నాం.

బోర్ల వరస రోజురోజుకూ బంకు దగ్గరికి పాకుతోంది. యజమాని రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని మమ్మల్ని చూస్తూ కూర్చునేవాడు. ‘బాగా’, ‘బాగా’, ‘బాబోయ్’. ఇంకొక్క బోరు, బంకు గోడ ముందర. అది తేలితే పని అయిపోతుంది. ఆ బోరు నేనే దగ్గరుండి వేయించాను. సీసా తెరిచాను. మళ్లీ తెరిచాను. మా పెద్దాయనకిచ్చాను. డ్రైవరుకిచ్చాను.

లేదు. ఏ వాసనా లేదు. వాన పడ్డాక వచ్చే మంచి మట్టి వాసన తప్ప.

యజమాని లేచి నిలబడ్డాడు. సీసా తానే లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన మొహం పున్నమి చంద్రుడిలా వెలిగింది.

“చెప్పలా? నేను చెప్పలా!”

మనిషిని పంపి ఇంత జిలేబీ తెప్పించాడు. బంకుకు వచ్చిన ప్రతి స్కూటరువాడికీ పంచాడు. మాకూ పెట్టాడు. నా జిలేబీ నేను కాగితంలో చుట్టి జీపులో పెట్టేశాను. పైగా కింద గోతి దగ్గర ఆసామి కూడా సంబరపడుతున్నాడు: బంకు కాదంటే అది తన లక్ష్మే కదా! బావమరిది మాత్రం ఆ రోజు నవ్వలేదు. పార తీసుకుని, ఊరికే, ఉన్న మట్టిని ఇటు నుంచి అటు పోశాడు.

మర్నాడు మా పెద్దాయన ఆ బోరు మళ్లీ చూశారు. లోపలికి కడ్డీ దించి తట్టి, చెవి ఒగ్గి విన్నారు.

“ఇక్కడ కింద గుండు ఉందండి. పెద్ద బండ. పెట్రోలు దాన్ని తొలుచుకుని పోదు కదండి, పక్కకు తిరిగి మెత్తటి మట్టిలోంచి పోతుంది. నాలుగడుగులు జరగండి.”

జరిగాం. బర్మా సగం దిగిందో లేదో సీసా అక్కర్లేకుండానే అందరం ముక్కులు మూసుకున్నాం. నేను ‘బాబోయ్!’ అని అరిచిన అరుపుకు బంకులో పెట్రోలు కొట్టించుకుంటున్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. బావమరిది పార గాలిలోకి విసిరి పట్టుకున్నాడు.

అయినా యజమాని కదల్లేదు. “ఈడ నిలిచే లారీల్లోంచి కారింటాది. ట్యాంకు ఎత్తితే బంకు మూసేయల్ల. మూసేది ల్యా.”

పెట్రోలు సరఫరా చేసే కంపెనీ ఇంజనీరు కూడా వచ్చి నచ్చజెప్పాడు. లాభం లేదు. ఫిర్యాదులు పెట్టి, నోటీసులు ఇప్పించి, ఎప్పటికి తేలేది? ఈలోగా వానలు పడితే పెట్రోలు ఇంకా దిగువకు పోతుంది. మేం రోడ్డు మీద ఇలా వాదులాడుకుంటుండగా ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి నలభై ఏళ్లావిడ దిగింది. బంకు యజమాని ఇల్లాలు. ఆయన చేతిలో రాడ్డు అలాగే ఉండిపోయింది.

ఆవిడ భర్తను చూడలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చింది.

“మీరేనా హారతి ఊదిన మేడం?”

“నేనేనండి.”

“తవ్వండి. బొక్క ఉంటే నా తమ్ముడు దొర. ల్యాకుంటే వాణ్ణి నేనే పోలీసోళ్లకు అప్పజెప్తా. ఇద్దరి నడుమ నలగడం ఇంగ నా వల్ల కాదు.”

“బంకు మూసేయల్లనే!” అన్నాడు యజమాని, ఆ మాట అనడానికైనా ఆవిడతో మాట్లాడే అవకాశం వచ్చినందుకు కాస్త సంతోషంగానే.

“మూసెయ్. ఇన్ని దినాలు నేను నోరు మూసుకోని ఉండ్లా?”

మూసేశాడు.

ట్యాంకు ఎత్తిన రోజు నా ఉద్యోగ జీవితంలో అన్నిటికన్నా పెద్ద పండగ. పెట్రోలు తోడేసి, ఆవిరి పోయేందుకు నీళ్లతో నింపి, మళ్లీ చాలావరకు తోడేశారు. ఫైరింజను వచ్చింది. పక్కన మేడలు కడుతున్నచోటు నుంచి క్రేను వచ్చింది. జనం రాకుండా ఎలా ఉంటారు? గచ్చిబౌలి నుంచి, నార్సింగి నుంచి కూడా వచ్చారు. తాడు కట్టి అందర్నీ దూరంగా నిలబెట్టాం. మా పెద్దాయన ఒక గోనెసంచి పట్టుకుని, తాడు వెంబడి నడుస్తూ, “అగ్గిపెట్టెలండి... బీడీలండి... సిగరెట్లండి... తరవాత ఇచ్చేస్తామండి” అంటూ చందాలు వసూలు చేసినట్టు అడుక్కున్నారు. సంచి నిండింది.

చుట్టూ తవ్విన గోతిలోంచి, గొలుసుల మధ్య, ట్యాంకు మెల్లగా పైకి లేచింది. మట్టి రాలింది. పైభాగం బాగుంది. పక్కలు బాగున్నాయి. తారు పూత ఎక్కడా చెదరలేదు. యజమాని గోతి అంచున నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన మీసాలు మళ్లీ నిక్కబొడుచుకున్నాయి. తాడు అవతల అక్కాతమ్ముళ్లు పక్కపక్కనే, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు.

“ఉక్కు!” అన్నాడు యజమాని. “చూడండి, ఉక్కు!”

క్రేను కాస్త తిరిగింది. ట్యాంకు ఒక పక్కకు ఒరిగింది. అడుగున మిగిలిన నీళ్లు ఆ పక్కకు చేరాయి. ట్యాంకు కింద నుంచి సన్నటి ధార ఒకటి, పసిపిల్లవాడు నిలబడి పోసినట్టు, చక్కగా వంపు తిరిగి, వచ్చి యజమాని ఇస్త్రీ చొక్కా మీద, సరిగ్గా గుండె మీద పడింది.

ఆయన చొక్కా చూసుకున్నాడు. పైకి చూశాడు. మళ్లీ చొక్కా చూసుకున్నాడు. పక్కకు జరగాలని కూడా తోచలేదు.

జనంలోంచి లేచిన కేకకు బండల మీద పావురాళ్లన్నీ ఎగిరిపోయాయి.

ట్యాంకును నేల మీద దించి పక్కకు పడుకోబెట్టారు. అడుగున, రూపాయి బిళ్లంత మేర రేకు పల్చబడి, నడుమ చిల్లు. మా పెద్దాయన వంగి చూశారు. తల పంకించారు. యజమాని చేతిలోని రాడ్డు అడిగి తీసుకుని, కొలిచే గొట్టంలోంచి లోపలికి తోశారు. రాడ్డు కొస ఎక్కడా ఆగకుండా వెళ్లి, అవతల చిల్లులోంచి బయటికి తొంగి చూసింది.

“ఇదండీ దొంగ,” అన్నారు.

ఆయనే నెమ్మదిగా చెప్పారు. రాడ్డు దించినప్పుడల్లా దాని మొన పడే చోటు ఒక్కటే. ఏళ్ల తరబడి అక్కడే తగిలి తగిలి పూత లేచిపోయింది, తుప్పు పట్టింది. పెట్రోలు కాస్తో కూస్తో ఆవిరై తగ్గడం ఎక్కడైనా ఉన్నదే. అది చూసి అనుమానం వచ్చింది. అనుమానంతో కొలవడం ఎక్కువైంది. కొలిచిన కొద్దీ చిల్లు పడింది. చిల్లు పడ్డాక నిజంగానే తగ్గింది. తగ్గిన కొద్దీ ఇంకా కొలిచారు.

“అంటే...” యజమాని వంగి చిల్లులో వేలు పెట్టి చూశాడు. “నేనేనా?”

“తమరేనండి.”

బావమరిది తాడు దాటి వచ్చాడు. నవ్వుతున్నాడనుకున్నాను. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వు కూడా ఆగడం లేదు. రెండూ కలిసి వస్తుంటే మాట సరిగ్గా రావడం లేదు.

“బావా... దినానికి ఎన్నిసార్లు పొడిచినావ్?”

యజమాని తడిసిన చొక్కాతో అలాగే నిలబడి జవాబు చెప్పాడు. “నువ్వు గుర్తుకొచ్చినప్పుడల్లా.”

తరవాత ఆ పెద్ద మీసాల మనిషి బావమరిదిని రెండు చేతులా ఎత్తేశాడు. కావలించుకోబోయి ఎత్తేశాడో, ఏమిటో! బక్కమనిషి కాళ్లు గాలిలో కొట్టుకున్నాయి. క్రేను డ్రైవరు హారను మోగించాడు. ఫైరింజనువాళ్లు ఊరుకుంటారా, గంట కొట్టారు. గుడిసెల ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకున్నారు. ఇల్లాలు వచ్చి, కొంగుతో తమ్ముడి మొహం తుడిచి, అదే కొంగుతో భర్త చొక్కా కూడా ఒకసారి తుడిచింది. “ఇంటికి రా, చెప్తా నీ సంగతి,” అంది. ఆ మాటకు ఆయన వెలిగిపోయిన తీరు చూడాలి. ఎన్నాళ్లకు ఆవిడ నోటినుంచి పడ్డ తిట్టు!

అంతమందిలో దిగులుగా నిలబడ్డవాడు స్థలం ఆసామి ఒక్కడే.

“అయితే మేడం, ఆ పెట్రోల్ నాది గాదా?”

“కాదండి. వారిది.”

“ఏంది గిట్లాయె! మా అమ్మ పొద్దుగాల సుత కొబ్బరికాయ కొట్టింది!”

“నాకొద్దు సామీ, అంతా నువ్వే తోడుకో!” అని బంకు యజమాని బావమరిదిని దించకుండానే అరిచాడు.

చివరికి ఆసామి కూడా నవ్వాడు. ఇక అగ్గిపెట్టెల సంచి దగ్గర ఎవరి బీడీకట్ట ఎవరిదో తెలియక జరిగిన తోపులాట గురించి చెప్పను. మా పెద్దాయన జీవితంలో మొదటిసారి ‘అండి’ లేకుండా “ఆగు!” అని అరిచింది అక్కడే.

పట్టుకోవడంలో ఉన్న సంబరం శుభ్రం చేయడంలో ఉండదు. పెట్రోలు తెట్టును తోడి డ్రమ్ముల్లో నింపి కంపెనీవాళ్లు తీసుకెళ్లారు. కంపుకొట్టే మట్టి తవ్వి, బంకు వెనక ఖాళీ జాగాలో ప్లాస్టిక్ పట్టాల మీద పల్చగా పరిచాం. మట్టిలోనే పెట్రోలు తినే సూక్ష్మజీవులుంటాయి. వాటికి గాలి, తడి, కాస్త ఎరువు అందితే చాలు. పేడ నీళ్లు చల్లుతూ వారం వారం తిరగేయాలి. పేడ స్థలం ఆసామి గేదెలది. “పెట్రోల్ పాయె, పెండ మిగిలె,” అనుకుంటూ ఆయనే బండి తోలించేవాడు. బంకు యజమాని చొక్కా చేతులు మడిచి తనూ పార పట్టాడు. పక్కన బావమరిది సూపర్‌వైజరు హోదాలో నిలబడి, “బావా, ఆ మూల తిరగెయ్యలా” అని పనులు చెప్పేవాడు. ఇంతకాలం మోసిన నిందకు అంతకన్నా వడ్డీ ఏం కావాలి?

బావి నీటిని మాత్రం తోడి, బొగ్గూ ఇసుకా నింపిన పీపాల్లోంచి వడకట్టి వదులుతూనే ఉన్నాం. రెండు వానాకాలాలు గడిచాయి. పక్కన ఆసామి మేడ లేచింది, అద్దాలు బిగించారు. గుడిసెలవాళ్లలో కొందరు వెళ్లిపోయారు, కొందరు అక్కడే ఉండిపోయారు. ఆ చాయ్ గ్లాసు ఆవిడ చంకలోని బిడ్డకు నడక వచ్చింది, పరుగు కూడా వచ్చింది.

వరసగా పరీక్షలన్నీ బాగున్నాయని ల్యాబువాళ్లు చెప్పాక, ఒక ఉదయం బావి మీద రేకులు తీశాం. అందరూ వచ్చారు. ఆవిడే చేదతో నీళ్లు తోడి, స్టీలు గ్లాసు నింపింది. నింపి, ఎవరికివ్వాలో తెలియక పట్టుకుని నిలబడింది. తాగవచ్చని కాగితం నా సంచిలో ఉంది. కానీ అన్నాళ్లు ముళ్లకంప చూసిన కళ్లకు కాగితం ఏం చెబుతుంది? నేను చెయ్యి చాపాను. మా పెద్దాయన, “ఉండండి, నేను తాగుతానండి,” అన్నారు.

ఈలోగా బంకు యజమాని జనాన్ని తోసుకుని వచ్చి గ్లాసు అందుకున్నాడు.

“పాడు చేసింది నేను. ముందు నేను తాగల్ల.”

గటగటా తాగేశాడు. ఆయన గొంతుక కదలడం తప్ప అక్కడ ఇంకేమీ కదల్లేదు. గ్లాసు దించాడు. కళ్లు మూసుకున్నాడు. నాలుక అంగిట్లో ఆడించుకున్నాడు. మొహం చిట్లించాడు.

నేను ఒక అడుగు ముందుకు వేశాను.

“ఏమైంది?”

“ఉప్పగుండాయి.”

ఆ పాలమూరు ఆవిడ పకపకా నవ్వింది. నవ్వుతూనే ఆయన చేతిలోంచి గ్లాసు లాక్కుంది.

“ఈ బాయి నీళ్లు ఎన్నటికీ ఉప్పగనే ఉంటయి సార్! గిప్పుడే అసలు రుచి వచ్చింది!”

తాను తాగింది. బిడ్డకు పట్టింది. నాకిచ్చింది. తాగాను. ఎంత ఉప్పగా ఉన్నాయో! ఇంకో గ్లాసు అడిగాను.